తుప్పు పట్టిన బోల్టు

పిల్లలూ, హైదరాబాదు నుంచి సంగారెడ్డికి వెళ్ళే దారిని మీలో చాలామంది చూచే ఉంటారు. అది 65వ నెంబరు జాతీయ రహదారి. మచిలీపట్నం నుంచి విజయవాడ, హైదరాబాదు, జహీరాబాదుల మీదుగా మహారాష్ట్రలోని పూనా దాకా పోతుంది. ఈ దారిలో రామచంద్రాపురం దగ్గర 1960 దశకంలో "భెల్" అనే పెద్ద కర్మాగారం వెలిసింది. విద్యుత్ కేంద్రాలకు కావలసిన ఆవిరి టర్బైన్లు అక్కడ తయారవుతాయి. ఆ తరువాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ఊళ్ళ వద్ద పారిశ్రామికవాడలు ఏర్పడ్డాయి. మందులు, రసాయనాలు, ఇనుప సామాన్లు, యంత్రభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలు ఎన్నో వచ్చాయి.

ఫ్యాక్టరీలు ఉన్నచోట లారీలు, కార్లు తిరుగుతాయి. అవి తిరిగేచోట వాటిని బాగుచేసే రేకుల షెడ్లు ఉంటాయి. అలాంటి షెడ్డు ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. ఒక పాత కారుకు బానెట్టు ఎత్తి ఉంటుంది. పనివాడు ఒక బోల్టుకు నూనె పూసి, ప్రక్కన స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతూ ఉంటాడు. "పని మానేసి కూర్చున్నాడే!" అని మీకు అనిపించవచ్చు. కాని అప్పుడు కూడా పని జరుగుతూనే ఉన్నది. ఆ పని ఎవరు చేస్తున్నారు? తుప్పు పట్టిన బోల్టును ఊడదీయటానికి అంత ఓపిక దేనికి? ఈ సంగతులు ఇప్పుడు తెలుసుకుందాం.

బోల్టు ఒక చుట్టిన ఏటవాలు

ముందుగా బోల్టు అంటే ఏమిటో చూద్దాం. ఒక కాగితాన్ని మూలకు మూల కత్తిరించండి. మీకు త్రికోణం వస్తుంది. దాని వాలు అంచుకు రంగు పెన్సిలుతో గీత గీయండి. ఇప్పుడు ఆ కాగితాన్ని, నిటారుగా ఉన్న అంచు మొదలుపెట్టి, ఒక పెన్సిలు చుట్టూ చుట్టండి. రంగు గీత మెలికలు తిరుగుతూ పెన్సిలు పైకి ఎక్కుతుంది. బోల్టు మీద ఉండే మరచుట్లు అచ్చంగా ఇలాటివే. లారీలోకి పీపాను ఎక్కించటానికి ఏటవాలుగా పలక వేస్తారు చూడండి, ఆ ఏటవాలునే ఇనుప కడ్డీ చుట్టూ చుట్టితే బోల్టు అవుతుంది.

నట్టును తిప్పుతున్నప్పుడు అది ఈ ఏటవాలు మీద కొంచెం కొంచెంగా ఎక్కుతుంది. బిగుసుకున్న తరువాత ఇంకా తిప్పితే బోల్టు రబ్బరు పట్టీలాగా సాగుతుంది. ఉక్కు సాగటమా అని ఆశ్చర్యపడకండి. కంటికి కనపడనంత కొద్దిగా సాగుతుంది. సాగిన బోల్టు మళ్ళీ పొట్టి కావాలని చూస్తుంది, అందుచేత రెండు భాగాలను గట్టిగా అదిమి పట్టుకుంటుంది.

ఇక్కడ ఒక చిత్రం ఉన్నది. పానాతో మనం వేసే బలాన్ని నూరు పాళ్ళు అనుకుంటే, బోల్టును సాగదీయటానికి ఉపయోగపడేది సుమారు పది పాళ్ళే. దాదాపు యాభై పాళ్ళు నట్టు అడుగున రాపిడికి, నలభై పాళ్ళు మరచుట్ల మధ్య రాపిడికి పోతాయి. "అయ్యో, ఎంత నష్టం!" అనుకోకండి. ఆ రాపిడే లేకపోతే బిగించిన నట్టు కారు కుదుపులకు దానంతట అదే వెనక్కు జారిపోతుంది. చక్రాలు ఊడిపోకుండా కాపాడేది రాపిడే. అయితే ఆ రాపిడికి తుప్పు తోడైనప్పుడు కష్టం వస్తుంది.

తుప్పు ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటుంది?

ఇనుముకు గాలిలోని ప్రాణవాయువు, నీరు రెండూ తగిలితే తుప్పు పుడుతుంది. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా తుప్పు పట్టదు. ప్రాణవాయువునే మీరు పాఠాలలో ఆక్సిజన్ అని చదువుకుంటున్నారు. ఢిల్లీలో కుతుబ్ మీనారు దగ్గర సుమారు 1,600 సంవత్సరాల నాటి ఇనుప స్తంభం ఉన్నది. దాని ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ. అందువల్ల దాని మీద ఒక పలుచని పొర ఏర్పడి, లోపలి ఇనుమును కాపాడుతూ వచ్చింది. మన కారు బోల్టుకు అలాటి రక్షణ లేదు.

తుప్పు అంటే ఇనుము అరిగిపోవటమే కదా, అరిగితే బోల్టు వదులు కావాలి గాని బిగుసుకోవటమేమిటి అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. దీనికి జవాబు తుప్పు పరిమాణంలో ఉన్నది. కొంత ఇనుము తుప్పుగా మారితే, ఆ తుప్పు మొదటి ఇనుముకంటె రెండింతల మొదలు ఆరింతల దాకా చోటు ఆక్రమిస్తుంది. ఎంత నీటిని తనలో ఇముడ్చుకున్నదో దానిని బట్టి ఈ లెక్క మారుతుంది. పాత మేడల్లో స్లాబు పెచ్చులు ఊడి, లోపలి చువ్వలు కనపడటం మీరు చూచే ఉంటారు. తుప్పు పట్టిన చువ్వలు ఉబ్బి, తమ మీది సిమెంటును పగలగొట్టాయన్నమాట. సిమెంటునే పగలగొట్టగల తుప్పు, బోల్టుకూ నట్టుకూ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులో పుడితే ఏమవుతుంది? సందంతా నిండిపోయి, కొయ్యలో చీల దిగగొట్టినట్టు బిగుసుకుంటుంది.

ఒకే సంవత్సరంలో తయారైన రెండు కార్లకు ఒకే రకంగా తుప్పు పట్టదు. విశాఖపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పునీరు తుప్పును త్వరపెడుతుంది. ఫ్యాక్టరీల పొగలోని గంధకపు వాయువులు తేమతో కలిసి ఆమ్లమవుతాయి, అవీ ఇనుమును తినివేస్తాయి. ఇంజను నుంచి పొగను బయటికి తీసుకుపోయే గొట్టం దగ్గరి బోల్టులకు మరొక బాధ. అవి రోజూ కాగుతాయి, రోజూ చల్లారుతాయి, వానకాలంలో తడుస్తాయి. అందుచేత పాత కారులో అన్నిటికంటె మొండివి ఆ బోల్టులే.

పానా పొడవు, బోల్టు మందం

మొండి బోల్టును చూడగానే చాలామంది చేసే పని ఏమిటి? పానాకు ఒక పైపు తొడిగి, బలమంతా ఉపయోగించి లాగటం. తులాదండం పాఠం మీకు జ్ఞాపకం ఉన్నదా? 25 సెంటీమీటర్ల పానా చివర ఇరవై కిలోల బలం వేశారనుకోండి. పైపు తొడిగి పానాను 50 సెంటీమీటర్లు చేస్తే అదే బలం రెండు రెట్లు మెలిపెడుతుంది. ఒక మీటరు చేస్తే నాలుగు రెట్లు. మనిషి బలం పెరగలేదు, పైపు పొడవు పెరిగింది.

కాని బోల్టు బలం పెరగలేదు కదా! మెలితిప్పుడును తట్టుకునే శక్తి బోల్టు మందాన్ని మూడుసార్లు గుణించిన లెక్కలో ఉంటుంది. 12 మిల్లీమీటర్ల బోల్టుకంటె 6 మిల్లీమీటర్ల బోల్టు మందంలో సగమే. బలంలో మాత్రం సగం కాదు, ఎనిమిదో వంతు. ఎందుచేతనంటే రెండును మూడుసార్లు గుణిస్తే ఎనిమిది. అందుకే పెద్ద చక్రపు బోల్టును విప్పిన చెయ్యి, అదే విసురుతో చిన్న బోల్టు మీద పడితే, అది పుటుక్కున విరిగిపోతుంది.

బలం చూపేముందు పనివాడు మరి రెండు సంగతులు చూసుకోవాలి. మొదటిది, ఏ వైపుకు తిప్పాలి? చాలా బోల్టులు ఎడమవైపుకు తిప్పితే ఊడుతాయి. కొన్ని మాత్రం దీనికి తలక్రిందులు. మీ సైకిలునే చూడండి. కుడి పెడలు మామూలు మర, ఎడమ పెడలు ఎడమ మర. తొక్కుతున్నప్పుడు పెడలు దానంతట అది ఊడిపోకుండా అలా చేశారు. కొన్ని పాత బండ్లలో ఎడమవైపు చక్రాల నట్టులకు కూడా ఎడమ మర ఉంటుంది. ఇది తెలియనివాడు విప్పుతున్నాననుకుంటూ మరింత బిగిస్తాడు!

రెండవది, పానా సైజు. 1841వ సంవత్సరంలో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు బోల్టుల మరలన్నీ ఒకే పద్ధతిలో ఉండాలని ప్రతిపాదించాడు. అంతకు పూర్వం ఒక్కొక్క కార్ఖానాలో ఒక్కొక్క రకం మర ఉండేది. 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా దేశాలు కలిసి మరొక అంగుళాల పద్ధతిని ఒప్పుకున్నాయి. మన దేశంలో మెట్రిక్ కొలతలు 1958 నుంచి అమలులోకి వచ్చాయి. కాని మనం ఎరిగిన అంబాసిడరు కారు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి చేసినది. కనుక పాత అంబాసిడరు బోల్టులు అంగుళాల లెక్కవే. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 మిల్లీమీటర్ల పానా పడుతుంది, కాని 0.3 మిల్లీమీటరు సందు మిగులుతుంది. మామూలు బోల్టు ఆ సందును సహిస్తుంది. తుప్పు పట్టిన బోల్టు సహించదు. పానా జారి మూలలు అరిగిపోతాయి, ఆరు మూలల తల గుండ్రంగా అయిపోతుంది. ఇక దానిని ఏ పానా పట్టలేదు.

ఒక పాత కారు వైద్యం

పటాన్‌చెరు ప్రాంతపు షెడ్డు ఒకదానిలో జరిగిన పని చెబుతాను. బాగుకు వచ్చినది ఒక అంబాసిడరు. ఈ కారు తయారీ 2014లో ఆగిపోయింది. దాని యజమాని కారును పెళ్ళిళ్ళకు అద్దెకు పంపి బ్రతుకుతాడు. ఇంజను తలను షెడ్లలో హెడ్డు అంటారు. పొగగొట్టాన్ని హెడ్డుకు బిగించే చోట పొగ లీకవుతున్నది. అక్కడి స్టడ్డులు తీసి క్రొత్త గాస్కెట్టు వెయ్యాలి. స్టడ్డు అంటే తల లేని బోల్టు. దాని ఒక కొస హెడ్డులో దిగి ఉంటుంది, రెండవ కొసకు నట్టు వస్తుంది.

కారు ఆ షెడ్డుకు రాకమునుపే ఎవరో తొందరపడి ఒక స్టడ్డును విరగగొట్టారు. విరిగిన ముక్క హెడ్డులోనే ఉండిపోయింది. మిగిలిన నట్టులు ఎర్రగా తుప్పుపట్టి ఉన్నాయి. ఉస్తాదు దగ్గర ఐ.టి.ఐ. చదువుతున్న ఒక కుర్రవాడు పని నేర్చుకుంటున్నాడు. అతడు పైపు తీసుకువచ్చాడు.

"ఉస్తాద్, పైపు ఏసి గట్టిగ తిప్పితే రాదా?" అని అడిగాడు.

"వస్తది బిడ్డా," అన్నాడు ఉస్తాదు. "నట్టుతోని సగం స్టడ్డు గూడ వస్తది. మిగిలిన సగం హెడ్డుల ఉంటది. అది నువ్వు తీస్తవా?"

కుర్రవాడు పైపును గోడకు చేర్చి పెట్టాడు.

ఉస్తాదు మొదట తీగల బ్రష్షుతో నట్టుల మీది తుప్పును, మురికిని రుద్ది తీశాడు. బయటికి కనపడే మరచుట్లను శుభ్రం చేశాడు. తరువాత పలుచని తుప్పునూనె పోశాడు. నూనె అంత సన్నని సందులోకి ఎలా పోతుంది? దీపపు ప్రమిదలో వత్తి నూనెను పైకి పీల్చుకోవటం చూశారు కదా. సన్నని సందు ద్రవాన్ని తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. నూనె ఎంత పలుచగా ఉంటే అంత లోపలికి పోతుంది. కాని అది నిదానంగా జరిగే పని. పూర్వం కిరసనాయిలులో కొంచెం ఇంజనాయిలు కలిపి పోసేవారు, ఇప్పటికీ చాలాచోట్ల పోస్తారు. అంగళ్ళలో దొరికే డబ్బా నూనెలలో డబ్ల్యూ.డి.-40 అనేది ఒకటి. దానిని 1953లో అమెరికాలోని శాన్‌డియాగో పట్టణంలో ఒక చిన్న కంపెనీ తయారుచేసింది. నీటిని తొలగించి తుప్పును ఆపే ద్రవం కోసం ప్రయత్నించి, నలభైయవసారి సఫలమయ్యారట. అందుకే ఆ పేరులో 40 వచ్చింది.

నూనె పోసిన తరువాత ఉస్తాదు చిన్న సుత్తితో నట్టుల మీద చుట్టూ టకటకమని కొట్టాడు. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. ఆ అదురుకు పెళుసైన తుప్పు పగుళ్ళు విచ్చుతుంది, పగుళ్ళలోకి నూనె దిగుతుంది.

"ఇగ రేపు చూద్దాం," అన్నాడు ఉస్తాదు.

"రేపా? ఇయ్యాల్నే అయిపోతదని ఓనరుకు చెప్పిన్రు గద ఉస్తాద్!"

"నేను రెండొద్దులని చెప్పిన. రాత్రంత నూనె పని చేస్తది. మనం నిద్రపోయినా అది నిద్రపోదు."

పిల్లలూ, మొదట మనం వేసుకున్న ప్రశ్నకు ఇదే జవాబు. పనివాడు చాయ్ తాగుతున్నప్పుడు పని చేస్తున్నది నూనె.

మర్నాడు మళ్ళీ నూనె, మళ్ళీ సుత్తి. అప్పుడు సరిగ్గా పట్టే రింగు పానా వేశాడు. విచిత్రమేమంటే, మొదట విప్పే వైపుకు కాక బిగించే వైపుకు ఒక్క పిసరు తిప్పాడు. ఎటు కదిలినా తుప్పు పట్టు విడుతుంది. "కిర్రు"మని శబ్దం వచ్చింది. తరువాత విప్పే వైపుకు పావు చుట్టు, మళ్ళీ వెనక్కు కొంచెం, మళ్ళీ నూనె చుక్క, మళ్ళీ పావు చుట్టు. ఒకేసారి విప్పుకుంటూ పోతే రాలిన తుప్పుపొడి ముందుచుట్లలో చేరి మళ్ళీ ఇరుక్కుంటుంది. ముందుకు వెనక్కు తిప్పుతూ ఉంటే పొడి బయటికి వస్తుంది. అలా రెండు నట్టులు ఊడివచ్చాయి.

మూడవది కదలలేదు. అప్పుడు నిప్పు అవసరమయింది. ముందుగా పెట్రోలు గొట్టాన్ని విడదీసి, మూతవేసి, నూనె తుడిచి, ప్రక్కన ఇసుక బకెట్టు, మంటలార్పే సిలిండరు పెట్టుకున్నారు. ఇద్దరూ కళ్ళజోళ్ళు పెట్టుకున్నారు. గ్యాసు మంటను నట్టు మీదికి త్రిప్పి వేడిచేశారు. వేడికి ఇనుము వ్యాకోచిస్తుందని మీకు తెలుసు. ఎంత? 10 మిల్లీమీటర్ల ఇనుప రంధ్రాన్ని 400 డిగ్రీలు వేడిచేస్తే సుమారు 0.05 మిల్లీమీటరు పెద్దదవుతుంది. అంటే మీ నోటుపుస్తకపు కాగితం మందంలో సగం! అంత కొంచెం చాలు. మంట ముందు తగిలేది నట్టుకు కనుక, లోపలి స్టడ్డుకంటె అది ముందు పెరుగుతుంది. మధ్యనున్న తుప్పు ఆ కదలికకు తాళలేక చిట్లుతుంది. కాస్త చల్లారనిచ్చి తిప్పితే మూడవ నట్టూ ఊడింది.

రామచంద్రాపురంలో తయారయ్యే టర్బైన్ల వంటి పెద్ద యంత్రాలలో ఇదే సూత్రాన్ని తలక్రిందులుగా వాడతారు. వాటి పెంకులను కలిపే బోల్టులు మనిషి చేతికంటె లావుగా ఉండవచ్చు. వాటి నడుమ నిలువునా రంధ్రం ఉంటుంది. అందులో కాగే కడ్డీ పెట్టి బోల్టును వేడిచేస్తే అది పొడుగు సాగుతుంది. అప్పుడు నట్టును లెక్క ప్రకారం తిప్పి వదిలేస్తే, బోల్టు చల్లారి పొట్టిదవుతూ తానే బిగుసుకుంటుంది. విప్పవలసి వచ్చినప్పుడు మళ్ళీ వేడిచేస్తారు. చిన్న షెడ్డులో గ్యాసు మంట, పెద్ద కర్మాగారంలో కాగే కడ్డీ, శాస్త్రం ఒక్కటే.

నాలుగవ నట్టుకు మూలలన్నీ అరిగిపోయి ఉన్నాయి. ఉస్తాదు దానిని తిప్పే ప్రయత్నమే చెయ్యలేదు. ఇనుప ఉలి పెట్టి నట్టును ఒక ప్రక్కన చీల్చివేశాడు. కుర్రవాడు ఆశ్చర్యపోయాడు.

"నట్టు ఖరాబైంది గద ఉస్తాద్!"

"పోనీ బిడ్డా. నట్టు అంగట్ల దొరుకుతది. ఈ హెడ్డు ఏడ దొరుకుతది?"

పిల్లలూ, ఈ పనిలోని కీలకమంతా ఈ మాటలో ఉన్నది. నట్టు చవక. స్టడ్డు అంతకంటె కొంచెం ఖరీదు. హెడ్డు చాలా ఖరీదు, పైగా కారు తయారీ ఆగిపోయింది కనుక పాత సామాన్ల అంగళ్ళలో వెతుక్కోవాలి. పనివాడి కన్నుకు, చేతికి వెల కట్టనే లేము. మంచి పనివాడు ఖరీదైనదానిని కాపాడటానికి చవకైనదానిని వదులుకుంటాడు. పైపు తొడిగి గుంజేవాడు దీనికి వ్యతిరేకంగా చేస్తాడు. చిన్న నట్టు మీది కోపంతో ఇంజనునే పోగొట్టుకుంటాడు.

విరిగిన ముక్కను తీయటం

ఇక మిగిలినది, ఎవరో విరగగొట్టిన స్టడ్డు ముక్క. విరిగిన ముక్క కొంచెమైనా పైకి ఉంటే దాని మీద ఒక నట్టు పెట్టి, నట్టు లోపలినుంచి వెల్డింగు చేస్తారు. అప్పుడు ముక్కకు క్రొత్త తల వచ్చినట్టే. వెల్డింగు వేడికి తుప్పు కూడా వదులవుతుంది. కాని ఈ ముక్క హెడ్డు మట్టానికి విరిగి ఉన్నది. పట్టుకోవటానికి ఏమీ లేదు.

ఉస్తాదు దాని ముఖాన్ని ఆకురాయితో చదును చేశాడు. నట్టనడుమ పంచితో చిన్న గుంట కొట్టాడు. ఈ గుంట పక్కకు పోతే డ్రిల్లు పక్కకు పోతుంది, మెత్తని పోతఇనుప హెడ్డును తినివేస్తుంది. అందుచేత ఈ ఒక్క దెబ్బకు ముందు అతడు నాలుగు ప్రక్కలనుంచీ కొలిచి చూచుకున్నాడు. తరువాత 3 మిల్లీమీటర్ల బిట్టుతో, నూనె చుక్కలు వేస్తూ, నిదానంగా రంధ్రం చేశాడు.

ఇక్కడ రెండు మార్గాలున్నాయి. ఎడమవైపుకు తిరిగే బిట్టు ఉంటే, అది కోస్తూ కోస్తూ ఒక్కొక్కప్పుడు ముక్కను పట్టుకుని బయటికి లాక్కువస్తుంది. లేదా ఎక్స్‌ట్రాక్టరు అనే పనిముట్టును రంధ్రంలో దిగగొట్టి ఎడమకు తిప్పవచ్చు. కాని ఎక్స్‌ట్రాక్టరు చాలా గట్టి ఉక్కు, గట్టిది గనుక పెళుసు. అది లోపల విరిగిందంటే మామూలు బిట్టు దానిని కొయ్యలేదు. రోగం కంటె మందే ప్రమాదమవుతుంది. ముక్క బాగా తుప్పు పట్టి ఉన్నది కనుక ఉస్తాదు దానిని వాడలేదు. 3 తరువాత 5, ఆ తరువాత ఆరున్నర మిల్లీమీటర్ల బిట్టు వేశాడు. స్టడ్డు మందం సుమారు 8 మిల్లీమీటర్లు. చివరకు పలుచని గుల్ల మాత్రమే మిగిలింది. దానిని సూదిమొనతో పెళ్ళగిస్తే, స్ప్రింగులాగా మెలికలు మెలికలుగా బయటికి వచ్చింది. ఆపైన అదే మర గల ట్యాపును నడిపి చుట్లను శుభ్రం చేశాడు. పాత మర చెక్కుచెదరలేదు!

ఒకవేళ మర పాడై ఉంటే? రంధ్రాన్ని కొంచెం పెద్దదిచేసి, క్రొత్త మర కోసి, ఉక్కుతీగతో చేసిన చుట్టను అందులో దింపుతారు. ఆ చుట్ట లోపలివైపు పాత సైజు మరగా పనిచేస్తుంది. కాబట్టి అప్పుడు కూడా ఆశ వదులుకోనక్కరలేదు.

రెండవరోజు సాయంకాలానికి క్రొత్త స్టడ్డులు, క్రొత్త నట్టులు పడ్డాయి. ఈసారి మరచుట్లకు వేడిని తట్టుకునే ప్రత్యేకమైన గ్రీజు పూశారు. మళ్ళీ ఎప్పుడో ఎవరో ఈ నట్టులను విప్పవలసి వస్తుంది. ఆ వచ్చేవాడు ఎవరో తెలియదు, అయినా అతని కష్టం తగ్గించటానికి ఈ గ్రీజు. అయితే అన్ని బోల్టులకూ గ్రీజు పూయకూడదు. చక్రాల బోల్టుల వంటి వాటికి కారు తయారుచేసినవారు పుస్తకంలో చెప్పినట్టే చెయ్యాలి. రాపిడి తగ్గితే అదే బలానికి బోల్టు మరీ ఎక్కువగా సాగిపోతుంది. చక్రానికి ఎంత బిగింపు అవసరమో లెక్క ఉన్నది. ఆ లెక్క మీదనే లోపల కూర్చున్నవారి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఇది చదువు రానివాళ్ళ పని అనుకోవటం పొరపాటు. ఒక నట్టు విప్పటంలో రసాయన శాస్త్రం, ఉష్ణం పాఠం, తులాదండం, ఏటవాలు, కొలతలు అన్నీ వచ్చాయి. ఐ.టి.ఐ.లలో ఫిట్టరు, మోటారు మెకానిక్కు కోర్సులు నేర్పుతున్నారు. ఇష్టం ఉన్న పిల్లలు బడి చదువు పూర్తిచేసి ఆ దారిలో వెళితే, చేతికి మెదడు తోడవుతుంది.

మీరే చేసి చూడండి

నాలుగు గాజు గ్లాసులు, నాలుగు మామూలు ఇనుప మేకులు తీసుకోండి. మేకులను గరుకు కాగితంతో మెరిసేలా రుద్దండి. తెల్లటి పూత ఉన్న మేకులు పనికిరావు. మొదటి గ్లాసులో ఏమీ పోయకుండా మేకు వేసి, పైన ప్లాస్టిక్ కాగితం కట్టండి. రెండవ గ్లాసులో కాచి చల్లార్చిన నీరు మేకు మునిగేలా పోసి, పైన వంటనూనె ఒక పొరగా పోయండి. కాచినప్పుడు నీటిలోని గాలి పోతుంది, నూనె మళ్ళీ గాలిని రానివ్వదు. నీరు కాచే పని మాత్రం అమ్మనో నాన్ననో చేయమనండి. మూడవ గ్లాసులో మామూలు నీరు, మేకు సగమే మునిగేలా పోయండి. నాలుగవదానిలో ఉప్పు కలిపిన నీరు అలాగే పోయండి. ఒక వారం రోజులు ప్రతి సాయంకాలమూ చూచి, చూచినది పుస్తకంలో రాసుకోండి. ఏ మేకుకు ముందు తుప్పు వచ్చింది? దేనికి రాలేదు? ఎందుకు రాలేదు?

ఆ తరువాత మీ సైకిలును ఒకసారి చూడండి. సీటు కింది బోల్టు, హాండిలు బోల్టు ఎలా ఉన్నాయి? ఎర్రబడటం మొదలుపెట్టి ఉంటే తుడిచి, ఒక చుక్క నూనె వెయ్యండి. బ్రేకు రబ్బర్ల మీద, చక్రపు అంచు మీద మాత్రం నూనె పడనీయకండి. అప్పటికే మొండికెత్తి ఉంటే పెద్దవారిని పిలవండి. వారు పానా పట్టి గట్టిగా లాగబోతే, "రేపటిదాకా నాననిద్దాం" అని చెప్పండి.